నాలుగు జీవాలు

గురవయ్య మాస్టరు ఇంకా తలుపు బయటే ఉన్నాడు. పోయిన వారం మనం అతన్ని వేములమిట్ట బోర్డు బడి అరుగు మీద అట్లాగే నిలబెట్టి వచ్చాం. లోపల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు సుందరరాజు పిల్లలకు పరీక్ష పెడుతున్నాడు. తాను పరీక్షించేటప్పుడు పంతులు గదిలో ఉండకూడదని ఆయన నియమం. పంతులు కనుబొమ ఎగరేసినా పిల్లవాడికి జవాబు అందిపోతుందని ఆయన నమ్మకం.

ఈ పరీక్షకూ గురవయ్య ఉద్యోగానికీ ముడి ఎక్కడ పడిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సుందరరాజు మార్కాపురం తాలూకాకు బదిలీ అయి వచ్చిన ఏడే కొత్త పద్ధతి పెట్టాడు. పిల్లవాడికి ఎంత వచ్చునన్నది ఆయనకు అక్కర్లేదు. నిరుటి మీద ఎంత పెరిగిందన్నదే కావాలి. ఒక్కొక్క పిల్లవాడి పెరుగుదలా కూడి, చివరన పంతులు పేరు ఎదుట ఒక అంకె వేస్తాడు. వరసగా రెండేళ్లు ఆ అంకె పైకి కదలకపోతే పంతులు సర్టిఫికెట్టు జిల్లా ఆఫీసుకు పోతుంది, బడి మూతపడుతుంది.

నిరుడు గురవయ్య అంకె కదల్లేదు. ఎందుకు కదల్లేదంటే, మొదటి ఏడే అతని పిల్లలు అడిగినవన్నీ చెప్పేశారు. రెండో ఏడూ అన్నీ చెప్పారు. ఇక పెరగడానికి చోటెక్కడ? పక్క ఊరి పంతులు వెంకటేశ్వర్లు ఈ సంగతి విని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు.

"మొదటి ఏడే పిల్లోళ్ల నోళ్లు తెరిపిస్తే ఎట్లయ్యా గురవయ్యా? నేను నోరు మూసుకోండిరా అంటి. మూసుకున్నారు. నిరుడు తెరవండిరా అంటి. తెరిచినారు. నా అంకె చూడు, నల్లమల మీద కూచోని ఉండాది. నీది వంకలో పొర్లాడతా ఉండాది."

ఆ మాట గురవయ్య చెవిలో ఈ పొద్దు కూడా మోగుతూనే ఉంది. పొద్దున సుందరరాజు సైకిలు దిగుతూనే, ప్రశ్నల కాగితం సంచిలోంచి తీసి సంబరంగా చూపించాడు. "ఇంతవరకు నారింజపండ్లు, రైలు టిక్కెట్లు అడుగుతూ వచ్చాం. మీ పిల్లలు నారింజపండు చూశారా గురవయ్యగారూ? ఈసారి వాళ్ల బతుకులోంచే లెక్కలు తీశాను. అన్నీ గొర్రెలూ మేకలే. రాత్రిళ్లు కూర్చుని నేనే రాశాను. మార్కులూ నిరుటికంటే పెంచాను, పెరగడానికి చోటుంటుంది."

"మంచిది సార్," అన్నాడు గురవయ్య. మనసులో నిజంగానే మంచిదనుకున్నాడు. పది పన్నెండు రోజులుగా గుండెల మీద ఉన్న బండ కొంచెం జరిగినట్లయింది. గొర్రెల లెక్కలు గొల్లపిల్లలకు రాకపోతే ఎవరికి వస్తాయి?

అరుగు మీద ఎండ పాకుతోంది. అతను తలుపు పక్క గోడకు చెవి ఆనించాడు. పెద్దవాడు ఇట్లా దొంగలా నిలబడడం అతనికి సిగ్గుగా ఉంది. సిగ్గు పడుతూనే ఇంకొంచెం ఆనించాడు.

"శ్రీశైలమ్మ, మూడో తరగతి," అంటున్నాడు సుందరరాజు.

గురవయ్య ఊపిరి నెమ్మదించింది. శ్రీశైలమ్మ ఊళ్లో గొల్ల గురమ్మ కూతురు. బడి మొత్తం మీద దానికి మించిన పిల్ల లేదు. గురవయ్య పలక మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపు జవాబు చెప్పి, "ఇంకోటి ఇయ్యండి అయ్యోరూ" అని విసుక్కుంటుంది. ముందుగా దాన్నే పిలవడం శుభమే అనుకున్నాడు.

"మీ నాయనకు ముప్పై ఆరు గొర్రెలు ఉన్నాయి. పద్నాలుగు అమ్మినాడు. ఇంక ఎన్ని ఉన్నాయి?"

లోపల సుందరరాజు కలంతో బల్ల మీద తట్టాడు.

"తొందరలేదు. ఆలోచించి చెప్పు."

"నాలుగు సార్," అంది శ్రీశైలమ్మ.

గురవయ్యకు మొదట నవ్వొచ్చింది. పిల్ల సరిగా విని ఉండదు. సుందరరాజు కూడా అట్లాగే అనుకున్నట్లున్నాడు, ప్రశ్న మళ్లీ చదివాడు, ఈసారి ఒక్కొక్క మాటా విడదీసి. శ్రీశైలమ్మ కూడా అంతే నిదానంగా, మర్యాదగా చెప్పింది. "నాలుగు జీవాలు ఉన్నయి సార్."

గురవయ్య నవ్వు ఆగిపోయింది. అతనికి అర్థం కావడానికి బుర్ర అవసరం పడలేదు. ముందు నాలుక ఎండింది. బుర్ర అన్నిటికంటే వెనక వచ్చింది.

"పోలయ్య, మూడో తరగతి. మీ ఇంట్లో పద్దెనిమిది మేకలు, ఇరవై నాలుగు గొర్రెలు. మొత్తం ఎన్ని?"

"నాలుగు సార్."

"ఆదినారాయణ."

ఆదినారాయణ కాపువాళ్ల పిల్లవాడు. వాళ్ల దొడ్లో ఎద్దులే తప్ప గొర్రె లేదు. అదే లెక్క అడిగితే "నలభై రెండు సార్" అని టక్కున చెప్పి కూచున్నాడు. ఆ తర్వాత మళ్లీ గొల్లపిల్ల. మళ్లీ నాలుగు. మళ్లీ ఒకడు. నాలుగే. విచిత్రమేమిటంటే లోపల ఎవరూ నవ్వడం లేదు. మామూలుగా ఒకడు తప్పు చెబితే గది గొల్లుమంటుంది. ఇప్పుడు అందరూ పెద్దవాళ్లలా గంభీరంగా ఉన్నారు. ఎదుటివాడు అడగరాని మాట అడుగుతున్నాడు, పోనీలే పాపం తెలియక అడుగుతున్నాడు, మనం మాత్రం చెప్పవలసినట్లు చెబుదాం అన్నట్లు.

ఆ వైపు మందలు మేపుకునే ఇళ్లలో ఎవరూ తమ జీవాల, అంటే గొర్రెల మేకల, లెక్క పైకి చెప్పరు. ఎవరన్నా అడిగితే, దొడ్డి నిండా ఉన్నా సరే, "ఏదో నాలుగు జీవాలు ఉన్నయిలే" అంటారు. లెక్క మగవాడి కంట్లో ఉండాలి, నోట్లోకి రాకూడదు. నోట్లోకి వస్తే గాలి వింటుంది. గాలి వింటే రోగం వింటుంది. సంతలో బేరగాడు అడిగినా అదే జవాబు, శిస్తు జమాబందికి వచ్చిన కరణం అడిగినా అదే. ఇది వాళ్లకు ఎవరూ కూచోబెట్టి చెప్పిన పాఠం కాదు. నడక వచ్చిన పిల్లకు ముల్లు చూసి అడుగేయడం ఎట్లా వస్తుందో ఇదీ అట్లాగే వస్తుంది.

గురవయ్య కూడా గొల్లింట్లోనే పుట్టాడు. మరి పొద్దున కాగితం చూసినప్పుడు తనకెందుకు తట్టలేదు? ఆ ప్రశ్న అతన్ని సుందరరాజు కంటే ఎక్కువగా నిలదీసింది. కాగితం మీద చదివినప్పుడు అవి గొర్రెలు కాలేదు. నల్లటి అక్షరాలు, వాటి పక్కన అంకెలు. ట్రైనింగు స్కూల్లో రెండేళ్లు కూచున్నవాడు చదివినట్లు చదివాడు. అదే ప్రశ్న ఇంకొకరి గొంతులోంచి, "మీ నాయనకు" అన్న మాటతో సహా చెవిన పడేసరికి అవి కాళ్లొచ్చి లేచి నిలబడ్డాయి. అంటే తన లోపల చదివేవాడు ఒకడు, వినేవాడు ఒకడు ఉన్నారు. ఇద్దరికీ ఇన్నేళ్లుగా మాటల్లేవు. అతనికి కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

తలుపు తెరుచుకుంది.

"లోపలికి రండి."

పిల్లలు లేచి నిలబడ్డారు. సుందరరాజు కుర్చీలో వెనక్కి ఆనుకుని ఉన్నాడు. సన్నగా, నల్లగా, నున్నగా దువ్విన జుట్టుతో ఉండే మనిషి. కేకలు వేసే రకం కాదు. గురవయ్యకు కేకలు వేసేవాళ్లతోనే సులువు.

"ఈ నాలుగు ఎక్కడిది మాస్టారూ?"

"సార్?"

"నేను తప్పుల గురించి చాలా చదివాను. ఇష్టంగా చదివాను. తప్పులు ఎవరివి వాళ్లకు ఉంటాయి. ఒకడు కూడబోయి తీసేస్తాడు, ఒకడు చేతి అంకె మరిచిపోతాడు. ఇందరు పిల్లలకు ఒక్కటే తప్పు రాదు. వచ్చిందంటే ఎవరో నేర్పినట్లు."

"నేర్పినారు సార్. నేను కాదు."

"మరెవరు?"

"వాళ్ల అమ్మలు."

సుందరరాజు ముఖంలో చిరాకు కనిపించింది. పరిహాసం అనుకున్నాడు. గురవయ్య కుర్చీ దగ్గరికి జరిగి, పిల్లలకు వినపడకుండా చెప్పాలని చూశాడు. ఆ గదిలో వినపడకుండా ఏదీ చెప్పలేం. "మందలోళ్లు జీవాల లెక్క నోటితో చెప్పరు సార్, చెబితే మందకు రోగమొస్తుందని. ఎవురడిగినా నాలుగే అంటారు. మీరు మీ నాయనకు అని అడిగితిరి. అందుకే. ఇదే లెక్క నారింజపండ్లని అడగండి. చింతపిక్కలని అడగండి. ఒక్కటి తప్పితే నా సర్టిఫికెట్టు నేనే మీ సంచీలో పెడతా."

సుందరరాజు ముందుకు వంగాడు. కాగితం వంక చూశాడు. తన చేతిరాత వంకే చూసుకుంటున్నాడు. గురవయ్య ఆ ముఖం చదవడానికి ప్రయత్నించాడు. ఆ క్షణంలో అక్కడున్నది అధికారి కాదు, ఇష్టపడి వండిన కూర ఎవరూ ముట్టుకోకుండా లేచిపోతే చూస్తూ కూచున్న మనిషి. తన మాట నమ్మాడని గురవయ్యకు తెలిసింది. నమ్మాడు కాబట్టి ఇక భయం లేదనుకున్నాడు. అక్కడే పొరబడ్డాడు.

"ప్రశ్న మార్చలేను," అన్నాడు సుందరరాజు. "తాలూకా అంతా ఇదే ప్రశ్న. ఒక్క బడికి మారిస్తే ఇంక దేనితో దేన్ని పోలుస్తాం?"

"పోల్చేదానికి కాదు గదా సార్ పిల్లోళ్లు."

"పంతుళ్లను పోల్చేదానికి." గొంతు పెంచలేదు. "ఇంకో సంగతి. మీరు చెప్పింది నిజమే అనుకుందాం. ఈ బడికి మీరు వచ్చి ఎన్నేళ్లయింది?"

"ఆరో ఏడు సార్."

"ఆరేళ్లు. ఆరేళ్లుగా మీరు పాఠాలు చెబుతున్న బడిలో కూచున్న పిల్ల ఒక అంకె నోటితో పలకడానికి భయపడుతోంది. పలికితే గొర్రెలు చస్తాయనుకుంటోంది. ఇంతకంటే కొలవదగింది ఇంకేముంది? నేను తెలియక అడిగినా సరైన ప్రశ్నే అడిగినట్లున్నాను మాస్టారూ. కూడికలు తీసివేతలు ఎవరైనా నేర్పుతారు."

గురవయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. నిజం చెబితే ఒడ్డున పడతాననుకున్నాడు. ఆ నిజమే ఇప్పుడు అతని మెడకు తగులుకుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ మాటలో ఎంతో కొంత న్యాయం ఉందని లోపలివాడొకడు ఒప్పుకుంటున్నాడు. పూర్తిగా అన్యాయమైతే ఎదురు తిరగవచ్చు. సగం న్యాయంతో ఎట్లా పోట్లాడడం?

"మీకు ఈ కొలతలంటే కోపం," అన్నాడు సుందరరాజు. ఈసారి గొంతు కొంచెం దిగింది, ఊరి యాస తగిలింది. "అందరికీ కోపమే. మాది కనిగిరి పక్క పల్లె. మా అమ్మ మగ్దలీనమ్మ మిషను బడి ఊడ్చేది. నేను పై పరీక్షకు పోతే నన్ను లోపల కూచోనియ్యలేదు. వరండాలో కూచోని రాసినా. వాన జల్లు కొడతా ఉంటే కాయితాన్ని కడుపుకింద పెట్టుకోని రాసినా. కానీ రాసింది మాత్రం లోపలికి పోయింది. అందరి కాయితాల మధ్యన కూచుంది. దిద్దినాయన నన్ను చూసుంటే ఏమి వేసుండేవాడో నాకు తెలుసు. ఆయన చూసింది అంకెల్ని. నాకు మనుషుల దయ కంటే అంకె మీద నమ్మకం ఎక్కువ గురవయ్యా. ఎవురికి ఏ కారణం ఉంటే ఆ కారణానికి ఒక ప్రశ్న మారుస్తా పోతే, రేపు కారణాలు చెప్పుకోగలిగినోడే గెలుస్తాడు. చెప్పుకోలేనోడు వరండాలో ఉంటాడు."

గురవయ్య తల వంచుకున్నాడు. ఎదుటివాడు దుర్మార్గుడైతే ఎంత బాగుండేది అనిపించింది.

"ఒకటి అడుగుతాను," అన్నాడు సుందరరాజు. "ఈ భయం పిల్లలది. మీది కాదు గదా?"

"కాదు సార్."

"మీకూ మంద ఉందా?"

"మా అన్న చూస్తా ఉండాడు."

"ఎన్ని ఉన్నాయి?"

అడిగిన తీరులో పన్నాగం లేదు. మామూలుగా, పొలం ఎంత ఉంది అన్నట్లు అడిగాడు. గురవయ్యకు లెక్క తెలుసు. మొన్న శివరాత్రికి ఇంటికి పోయినప్పుడు దొడ్డి తడక దగ్గర నిలబడి కంటితో లెక్కపెట్టాడు కూడా. ఆ అంకె ఇప్పుడు కళ్లముందు సున్నపు గోడ మీద రాసినంత తెల్లగా ఉంది. దాన్ని చదవడమే పని. మూఢనమ్మకాలు అన్న పాఠం ఈ గదిలోనే చెప్పినవాడు తను. గ్రహణం నాడు పిల్లల్ని బయటికి తీసుకుపోయి మసిపూసిన గాజుముక్కలోంచి సూర్యుణ్ని చూపించినవాడు తను. నోరు తెరిచాడు.

"ఏదో ఒక నాలుగు..." అని వినపడింది. అది తన గొంతే.

గదిలో పిల్లల ఊపిరి ఒక్కసారి వదులైంది. పోలయ్య పక్కవాణ్ని మోచేత్తో పొడిచి మెచ్చుకోలుగా తలాడించాడు. అయ్యోరు మనోడే అన్నట్లు. గురవయ్యకు జీవితంలో ఏ శిక్షా అంత నొప్పి పెట్టలేదు.

సుందరరాజు నవ్వలేదు. అదొక్కటీ ఆయన చేసిన మేలు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ మీద నాకు పగ లేదు. మీరు మంచి పంతులని నాకు తెలుసు. తెలిసినదాన్ని పట్టికలో రాసే వీలు లేదు." కాగితాన్ని గురవయ్య వైపు తిప్పాడు. పిల్లల పేర్లు, పేర్లకెదురుగా నిరుటి అంకె, ఈ ఏటి అంకె. "ఒక్క దారి ఉంది. మందల వెంట పోయే పిల్లలు బడికి సరిగా రారు కాబట్టి వాళ్లను లెక్కలోంచి తీసెయ్యవచ్చునని రూలుంది. వాళ్ల పేర్లు మీరు కొట్టేసి, పక్కన 'బడికి రాని పిల్ల' అని రాసి సంతకం పెట్టండి. మిగిలింది కాపుల పిల్లలు. వాళ్లందరూ బాగా చెప్పారు. మీ అంకె లేస్తుంది. బడి నిలుస్తుంది."

"వాళ్లేమవుతారు సార్?"

"పేరు లేనివాళ్లకు పై తరగతి ఉండదు. అయినా వాళ్లు మందల వెంట పోయేవాళ్లే గదా."

"శ్రీశైలమ్మ ఒక్క దినం మానలేదు సార్. జొరమొచ్చినా వచ్చింది."

"అది మీరు ఆలోచించుకోవలసిన సంగతి."

సుందరరాజు కలం మూత తీసి బల్ల మీద పెట్టాడు. మార్కాపురంలో కోసిన రాతిపలకలాగా ఆ కాగితం నున్నగా, చల్లగా ఉంది. గురవయ్య ఎందుకు కలం పట్టుకున్నాడో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా అతనికి తేలలేదు. సంతకం పెడదామనా? విసిరేద్దామనా? ఎదుటివాడు ఇచ్చింది పుచ్చుకోవడం చేతికి అలవాటు, అంతేనా? బడి మూతపడితే కాపు పిల్లలూ ఉండరు, గొల్లపిల్లలూ ఉండరు; సగమైనా నిలవడం మేలు కాదా అని ఒక ఆలోచన చాలా తెలివిగా, చాలా మర్యాదగా లోపలికి వచ్చి కూచుంది. తెలివైన ఆలోచన వచ్చినప్పుడు తన మనసు ఎట్లా చాప పరుస్తుందో అతను చూశాడు. చూస్తూనే శ్రీశైలమ్మ పేరు మీదికి కలం మొన తెచ్చాడు. తేవడం వరకే. ఆనించలేదు. ఆనించేవాడు కాదని ప్రమాణం చేసి చెప్పలేడు.

"సార్."

శ్రీశైలమ్మ వరసలోంచి బయటికి వచ్చి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. పావడా అంచును పిడికిట్లో నలిపేస్తోంది. అది చూస్తున్నది సుందరరాజునో, కాగితాన్నో, తన చేతిలోని కలాన్నో గురవయ్యకు తెలియలేదు.

"ఏమ్మా?"

"మీరడిగింది తప్పు సార్. మా నాయనకు ముప్పై ఆరు లేవు."

"శ్రీశైలీ," అన్నాడు గురవయ్య. ఊరుకో అనబోయాడు. ఊరుకోమంటే తను ఎవరి పక్క నిలబడినట్లు?

"డెబ్బై ఒకటి ఉండాయి," అంది పిల్ల. మొదట గొణిగినట్లు, తర్వాత మొండిగా, గట్టిగా. "డెబ్బై ఒకటి. పద్నాలుగు అమ్మితే యాభై ఏడు. అయ్యోరు నేర్పలా. నాకే వచ్చు."

గదిలో గాలి కూడా కదల్లేదు. పోలయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. చిన్న తరగతి పిల్ల ఒకతె ఏడుపు మొదలుపెట్టి, ఎందుకు ఏడుస్తున్నదో తెలియక ఆపేసింది.

సుందరరాజు గురవయ్య చేతిలోంచి కలం అందుకున్నాడు. అందుకుని, కాగితం మీద పెట్టి, ఆగిపోయాడు. పెదవులు కదిలాయి. లెక్క చూసుకుంటున్నాడు.

"లెక్క సరిగ్గానే ఉంది," అన్నాడు చివరికి. "కానీ ఈ ప్రశ్నకు జవాబు ఇరవై రెండు."

గురవయ్య తల ఎత్తి ఆయన వంక చూశాడు. నవ్వు వచ్చినా బాగుండేది, ఏడుపు వచ్చినా బాగుండేది. "రాయండి సార్," అన్నాడు. "పిల్ల నోరు తెరిచింది గదా. ఆరేళ్ల పాఠాలు ఆడిదాకా వచ్చినాయి గదా. మీకు కావాల్సిందదే గదా. ఎంత పెరిగిందో రాయండి."

సుందరరాజు రాయలేదు. కలం మొన కింద ఒక సిరాచుక్క మాత్రం మెల్లగా పెద్దదవుతోంది.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. గురమ్మ. మధ్యాహ్నం మగనికి సంగటి ముంత పంపే వేళయినా కూతురు ఇంటికి రాలేదని పిలవవచ్చినట్లుంది. ముంత చంకలోనే ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఎవరూ చూడలేదు. ఆమె ముఖం చూస్తే మొత్తం విన్నదని తెలుస్తోంది.

"చెప్పినావా," అంది కూతురితో. కోపంగా కాదు. చాలా దూరం నుంచి వచ్చిన మనిషిని పలకరించినట్లు.

శ్రీశైలమ్మ తల వంచింది.

గురమ్మ లోపలికి వచ్చింది. అంతమంది మగపిల్లల ముందు, దొర ముందు ఆమె ఎన్నడూ ఆ గడప దాటలేదు. కూతురు చంకలోని పలక తీసుకుంది, కొంగుతో దాని మీది రాతంతా తుడిచింది, తెచ్చి గురవయ్య ముందు బల్ల మీద పెట్టింది.

"తమ్ముడా, నువ్వూ ఆ ఇండ్లల్లో పుట్టినోడివే గదా. నా బిడ్డ నోట్లోంచి ఆ మాట వచ్చేటప్పుడు నువ్వు ఈడనే ఉండావు. ఉండావు గదా?"

"ఉండానక్కా."

"సరే. ఉండావంటే చాలు."

ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. గురవయ్య తుడిచిన పలకను దగ్గరికి జరుపుకున్నాడు. సుందరరాజు కుర్చీలోంచి సగం లేచాడు. "అమ్మా, మీ పిల్ల చాలా తెలివైంది. మాటంటే ఏమీ కాదు. లెక్క చెప్పినంత మాత్రాన..."

"నువ్వు చదువుకున్నోడివి నాయనా. నీకు ఏమీ కాదు," అంది గురమ్మ. కూతురి చేయి పట్టుకుంది. "దీని నాయన అడిగితే నేను ఏమి చెప్పాల్నో అది చెప్పి పో. మాటంటే ఏమీ కాదని ఆయనతో నువ్వే చెప్పు. మాపటికి మంద మళ్లినాక వస్తాడు. అంతవరకు ఆగుతావా?"

సుందరరాజు గురవయ్య వంక చూశాడు. మొదటిసారి, ఏదో సాయం అడుగుతున్నట్లు. ఆగుతానని చెప్పడానికే కాబోలు నోరు తెరిచాడు.

గురమ్మ వినడం లేదు. ఆమె తల గుమ్మం వైపు తిరిగింది. గురవయ్య కూడా విన్నాడు. మొదట చాలా సన్నగా, మిట్ట అవతల నుంచి, తర్వాత తెలిసేట్లుగా. మెడగంటలు. వాటి వెనక ఒక మగగొంతు, మాటలు కాదు, ఉత్త కేక, ఆగి ఆగి.

పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. ఆ ఊళ్లోకి ఆ వేళప్పుడు మంద ఎన్నడూ మళ్లదు.

గురమ్మ చంకలోని ముంత మెల్లగా నేల మీద దించి, కూతురి చేయి వదిలేసి, ఎండలోకి నడిచింది.